ఆసుపత్రి మంచము కడ పది నిమిషముల మాట

గ్రామమున ఎవరు మితిమీరి త్రాగుచున్నారో పంచాయతీ సభ్యులకు తెలియకపోదు. ఆ యింటి యిల్లాలు వచ్చి మొరపెట్టుకొనును. పెద్దలు ఆతనిని రచ్చబండ కడకు పిలిపించి చీవాట్లు పెట్టుదురు. దేవుని యెదుట ఒట్టు వేయింతురు. కొన్ని యూళ్లలో జరిమానాయు విధింతురు. పది దినములు గడచునప్పటికి కథ మరల మొదటికి వచ్చును. ఇదే మనుష్యుడు ఏదో ఒక దినమున ఆసుపత్రిలో చేరును. మోటారుసైకిలు మీదనుండి పడి కాలు విరిగియో, కడుపునొప్పితోనో, కండ్లు పచ్చబడియో, రక్తము కక్కుకొనియో చేరును. అచట విరిగిన కాలికి కట్టు కట్టుదురు, నొప్పికి సూది వేయుదురు, వారము దినములకు ఇంటికి పంపుదురు. కాలు విరుగుటకు మూలమైన త్రాగుడును గూర్చి మాత్రము తరచుగా ఎవరును నోరు మెదపరు. వైద్యునకు తీరిక లేదు, రోగికి సిగ్గు, బంధువులకు భయము.

ఈ మౌనమును తొలగించుటకు గడచిన నలువది యేండ్లలో వైద్యులు ఒక చిన్న ఉపాయమును పలు దేశములలో పరీక్షించి చూచిరి. దానికి ఖరీదైన మందులు అక్కరలేదు, యంత్రములు అక్కరలేదు. మంచము ప్రక్కన కుర్చీ వేసికొని, ఐదు పది నిమిషములు మొదలు అరగంట వరకు రోగితో నెమ్మదిగా మాటలాడుటయే ఆ ఉపాయము. ఆసుపత్రులలో దీనిని కౌన్సెలింగు అందురు. అది యెట్లు జరుగును, ఎవరికి పనిచేయును, ఎవరికి చాలదు, అందు పంచాయతీవారు చేయదగిన దేమి అను సంగతులను మేమిచట వివరింపదలచితిమి.

ఆసుపత్రినే ఎన్నుకొనుటకు కారణము కలదు. ఊరిలో నున్నంతకాలము సాయంకాలమగుసరికి స్నేహితులు, దుకాణము, అలవాటు కలిసి మనుష్యుని లాగికొనిపోవును. ఆలోచించుటకు సందు ఇయ్యవు. కట్టుతో కదలలేక పడియున్న వేళ ఆ హంగులేవియు లేవు. దెబ్బ కండ్లయెదుట కనబడుచునే యుండును. “ఇది నాకెందుకు వచ్చినది?” అని రోగి తన్ను తానే ప్రశ్నించుకొను ఘడియ అది. ఆ ప్రశ్న చల్లారకమునుపే పడిన మాట నాటుకొనును. కట్టు విప్పి, నొప్పి మరచిన పిదప చెప్పిన మాట అంతగా నాటదు.

మొదటి పని అడుగుట. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ఆరు దేశములలో పరిశోధన జరిపించి, 1989లో ‘ఆడిట్’ అను పేర పది ప్రశ్నల పట్టిక నొకదానిని ప్రకటించిరి. ఎన్ని దినములకొకసారి త్రాగుదురు, త్రాగిన దినమున ఎంత త్రాగుదురు, మొదలుపెట్టిన పిదప ఆపలేకపోవుట కలదా, ప్రొద్దుననే త్రాగినగాని పని సాగని స్థితి వచ్చినదా, రాత్రి జరిగినది తెల్లవారి జ్ఞాపకము లేకపోయినదా, త్రాగుటవలన మీకుగాని ఇతరులకుగాని దెబ్బ తగిలినదా, తగ్గింపుమని బంధువులో వైద్యులో చెప్పిరా - ఇట్టివి ఆ ప్రశ్నలు. ప్రతి ప్రశ్నకు సున్న మొదలు 4 వరకు మార్కులు; మొత్తము 40. ఎనిమిదికి లోబడినచో భయము తక్కువ. 8 మొదలు 15 వరకు వచ్చినవారికి హెచ్చరికతో కూడిన సలహా చాలును. 16 మొదలు 19 వరకు వచ్చినవారికి కౌన్సెలింగు చేసి, తరువాత కూడ కనిపెట్టి యుండవలెను. 20గాని అంతకు మించిగాని వచ్చినవారిని నిపుణులైన వైద్యులకడకు పంపవలెను.

ఈ లెక్కను మన దుకాణములలోని కొలతకు అన్వయించి చూచినచో సంగతి స్పష్టమగును. మనవైపు అమ్ముడగు బ్రాందీ, విస్కీ సీసాల మీద 42.8 శాతము అని అచ్చువేసి యుండును. అట్టి సరుకు 30 మిల్లీలీటరులలో సుమారు 10 గ్రాముల శుద్ధ మద్యసారము కలదు. దీనినే ఒక ‘డ్రింకు’గా లెక్కింతురు. కావున 180 మిల్లీలీటరుల క్వార్టరు సీసాలో ఆరు డ్రింకులున్నవి. 650 మిల్లీలీటరుల సాధారణ బీరు సీసాలో రెండున్నర. 8 శాతపు స్ట్రాంగు బీరులో నాలుగు. “నేను త్రాగుబోతును కాను, దినమునకొక క్వార్టరే” అనువారు ప్రతి గ్రామమునను కలరు. ఆ మనుష్యునకు ఆడిట్ పట్టికలోని మొదటి మూడు ప్రశ్నలతోనే 10 మార్కులు వచ్చును. తక్కిన ఏడు ప్రశ్నలు అడుగకయే ఆతడు గీత దాటియున్నాడు. తూలి పడినవాడే త్రాగుబోతు అను మన లెక్క ఎంత తప్పో దీనివలన తెలియును. నాటుసారా, గుడుంబాలకు సీసామీది అంకెయైనను లేదు. వాని బలము కాచినవానికే తెలియదు.

ఆడువారిని ఈ ప్రశ్నలు అడుగనక్కరలేదని అనుకొనుట పొరపాటు. కల్లు, సారా అలవాటుగల స్త్రీలు మన ప్రాంతములలో లేకపోలేదు. గర్భవతికి ఏ కొంచెమైనను క్షేమము కాదు.

ఇక మాట. దీనిని ఉదాహరణతో చెప్పినగాని బోధపడదు. కాలు విరిగి వార్డులో చేరిన నలువది యేండ్ల వ్యవసాయ కూలీ యొకడున్నాడనుకొందము. నొప్పి కొంత తగ్గిన రెండవ దినమున నర్సు వచ్చి కూర్చుండినది.

“అన్నా, రాత్రి నిద్ర పట్టిందా? మీ ఆరోగ్యం గురించి కొంచెం మాట్లాడవచ్చునా?”

“మాట్లాడమ్మా.”

“మందు అలవాటు ఉందా?”

“కొంచెం పుచ్చుకుంటాను. ఒళ్లు నొప్పులకు.”

“కొంచెమంటే క్వార్టరా, హాఫా?”

“క్వార్టరే.”

“రోజూనా?”

“రోజూనే.”

“దానివల్ల మీకు ఏం బాగుంటుంది?”

“పడుకోగానే నిద్ర పడుతుందమ్మా.”

“మరి ఇబ్బంది ఏమైనా?”

“నెలకు నాలుగు వేలు పోతున్నాయి. మా పెద్దపిల్ల నాతో మాట్లాడటం మానేసింది. ఇప్పుడీ కాలొకటి.”

“ఎప్పుడైనా కొన్నాళ్లు మానేసి ఉన్నారా?”

“పోయిన సంక్రాంతికి పదిరోజులు ముట్టలేదు.”

“పదిరోజులా! ఎట్లా ఉండగలిగారు?”

“మా బావమరిది ఊళ్లో ఉన్నాను. అక్కడ షాపు దూరం. పిల్లలు కూడా పక్కనే ఉన్నారు.”

“ఆ రోజుల్లో చేతులు వణకటం, చెమటలు పట్టటం, ఫిట్స్ రావటం ఏమైనా?”

“అట్లాంటివి లేవమ్మా.”

ఇంతవరకు ఆమె “మానివేయుము” అను మాట అనలేదని సభ్యులు గమనింపవలెను. అడిగినది, ఆతడు చెప్పినాడు. త్రాగుటవలని సుఖమును కూడ అడిగినది. ఆ సుఖమును కాదన్నచో ఆతడు వాదమునకు దిగును. ఒప్పుకొన్నచో నష్టమును తానే చెప్పును. ఇతరులు చెప్పిన కారణముకంటె తన నోట తాను చెప్పిన కారణము మనుష్యుని ఎక్కువగా కట్టివేయును. దీనిని పద్ధతిగా మలచినవాడు అమెరికా మనస్తత్త్వవేత్త విలియం మిల్లరు. 1983లో ఆతడు దీనినిగూర్చి వ్రాసెను. ఆతని తరువాత బ్రిటనుకు చెందిన స్టీఫెన్ రాల్నిక్ ఆతనితో కలిసి దానిని విస్తరించెను.

పిమ్మట నర్సు తెలుపవలసిన సంగతిని సూటిగా తెలుపును: దినమునకొక క్వార్టరనగా ఆరు డ్రింకులనియు, అది కాలేయమును, రక్తపుపోటును చెరచుననియు, నిద్ర త్వరగా పట్టినట్లు కనిపించినను తెల్లవారుజామున ఆ నిద్రను చెడగొట్టునది ఆ మద్యమేననియు చెప్పును. తుదకు “మీరేం చేద్దామనుకుంటున్నారు?” అని అడుగును. పొలమునుండి దుకాణమున్న దారిన గాక వేరుదారిన ఇల్లు చేరెదననియో, కూలిడబ్బు భార్యచేతికి ముందే ఇచ్చివేసెదననియో, కట్టు విప్పువరకు ముట్టననియో ఆతడు ఒక మాట అనును. ఆ మాటను కాగితముమీద వ్రాసి ఆతని చేతికిత్తురు. జరిగినది ఇంతే. దీనికి పది పదునైదు నిమిషములు పట్టును.

ఇంత చిన్న మాటకు ఫలితముండునా అని సందేహము కలుగుట సహజము. మాకును మొదట ఆ సందేహమే కలిగినది. స్కాట్లండులోని ఎడింబరో నగరపు ఆసుపత్రిలో జరిపిన పరిశోధన 1985లో ప్రకటితమైనది. అచట సాధారణ వైద్యపు వార్డులలో చేరిన పురుషులలో త్రాగుడువలన చిక్కులు పడుచున్న 156 మందిని ఎంచి, కొందరితో నర్సు ఒక్కసారి కూర్చుండి మాటలాడెను, కొందరితో మాటలాడలేదు. ఏడాది పిదప విచారింపగా రెండు తెగలవారును త్రాగుడు కొంత తగ్గించిరి. కాని మాటలాడించుకొన్నవారి చిక్కులు ఎక్కువగా తగ్గినవి. ఆసుపత్రిలో పడుటయే కొంత బుద్ధి చెప్పును, మాట దానికి తోడగును అని దీని భావము. అమెరికాలోని సియాటిలు నగరమున గాయములతో చేరిన 762 మందిమీద జరిపిన మరియొక పరిశోధన 1999లో వెలువడినది. అరగంట మాటలాడి, నెలకు ఒక ఉత్తరము వ్రాసిరి. ఏడాది గడచునప్పటికి మాటలాడించుకొన్నవారు వారమునకు సుమారు 22 డ్రింకులు తగ్గించిరి. తక్కినవారు సుమారు 7 మాత్రమే తగ్గించిరి. మరల గాయపడి ఆసుపత్రికి వచ్చుట కూడ వారిలో తక్కువయ్యెను.

అయితే ఒక చోట పనిచేసినది ప్రతిచోట పనిచేయుననుకొనరాదు. అమెరికాలోనే బోస్టను నగరపు ఆసుపత్రిలో 341 మంది రోగులతో అరగంట చొప్పున మాటలాడి చూచిరి. 2007లో ప్రకటింపబడిన ఆ పరిశోధనలో చెప్పుకోదగిన తేడా ఏమియు కనబడలేదు. ఆ రోగులలో అత్యధికులు అప్పటికే మద్యమునకు పూర్తిగా బానిసలైనవారు. మాట దారి తప్పుచున్నవానిని మళ్లించును. శరీరమే మద్యమునకు కట్టుబడినవానిని మాట ఒక్కటే విడిపింపజాలదు. ఈ భేదము తెలియకపోవుటవలన గ్రామములలో ప్రాణములే పోవుచున్నవి గనుక దీనిని కొంత విపులముగా చెప్పవలసి యున్నది.

ఏండ్ల తరబడి ప్రొద్దుననే మొదలిడి త్రాగువాని మెదడు మద్యము లేనిదే నడవని స్థితికి వచ్చియుండును. అట్టివాడు ఏ జ్వరముతోనో, దెబ్బతోనో ఆసుపత్రిలో చేరినచో ఆ ఘడియనుండి మద్యము నిలిచిపోవును. కడపటిసారి త్రాగిన ఆరు గంటలు మొదలు ఒక దినములోపల చేతులు వణకును, చెమటలు పట్టును, నిద్ర రాదు, వాంతులగును. కొందరికి మొదటి రెండు దినములలో మూర్ఛలు వచ్చును. రెండవ దినము మొదలు నాలుగవ దినములోపల మరికొందరికి సన్నిపాతము వంటి స్థితి కలుగును. లేని పురుగులు ఒంటిమీద ప్రాకుచున్నట్లును, చచ్చినవారు పిలుచుచున్నట్లును తోచును. సెలైను గొట్టమును పెరికివేసి మంచము దిగి పరుగెత్తును. ఇది ప్రాణాపాయకరమైన స్థితి.

అప్పుడు బంధువులేమి చేయుదురు? గాలి సోకినదని చెప్పి, వైద్యుడు వలదన్నను సంతకము పెట్టి భూతవైద్యునికడకు తీసికొనిపోవువారు కలరు. చాటుగా సీసా తెచ్చి త్రాగించువారును కలరు. నిజమునకు ఆసుపత్రిలో దీనికి మంచి చికిత్స యున్నది. లోరజెపాము, క్లోర్‌డయజెపాక్సైడు వంటి మందులను వైద్యుడు లెక్కప్రకారము ఇచ్చి క్రమముగా తగ్గించును. బి1 విటమినును సూదిద్వారా ఎక్కించుట కూడ ముఖ్యము. అది లోపించినచో మెదడు శాశ్వతముగా చెడవచ్చును. ఈ చికిత్స అంతయు వైద్యునకు ముందుగా తెలిసినచో సులభము, తెలియనిచో కష్టము. కావున రోగిని చేర్చునాడే ఎంత త్రాగును, ఎన్నాళ్లుగా త్రాగుచున్నాడు, కడపట ఎప్పుడు త్రాగినాడు అను మూడు సంగతులను దాచక చెప్పవలెను. రోగివెంట ఆసుపత్రికి పోవుట మన సభ్యులకు అలవాటే. భార్య సిగ్గుపడి చెప్పలేనప్పుడు సభ్యుడు వైద్యుని ప్రక్కకు పిలిచి చెప్పవచ్చును.

కేసు షీటులో వ్రాసినచో పరువు పోవునని కొందరి భయము. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మద్యపాన దుర్వినియోగమువలన కలుగు మానసిక స్థితులను కూడ వ్యాధులలో చేర్చినది. అట్టి రోగి వివరములను గుట్టుగా నుంచవలెనని చెప్పినది. ఇది నేరము కాదు, రోగము అను చూపు చట్టమునకే యున్నప్పుడు ఊరికి లేకపోవుట తగదు.

రచ్చబండ కడ ఒట్టు వేయించి ఆ క్షణమునుండి మాన్పించుటలోని అపాయము కూడ ఇదియే. కొంచెము త్రాగువానికి ఒట్టువలన నష్టము లేదు. ప్రొద్దుననే త్రాగినగాని చేతివణకు ఆగనివానిని ఇంటిలో పెట్టి తాళమువేసి మాన్పించుట మాత్రము చంపుటతో సమానము కావచ్చును. అట్టివానిని వైద్యుని చూపులో మాన్పింపవలెను. తెలంగాణములో కొన్నిచోట్ల కల్లులో అల్ప్రాజోలము, డయజెపాము వంటి మత్తుమందులు కలుపుచున్న సంగతి పలుమారులు బయటపడినది. అట్టి కల్లునకు అలవాటు పడినవారికి అది హఠాత్తుగా దొరకనిచో ఇట్టి మూర్ఛలు, మతిభ్రమయే కలుగును. కల్తీ దుకాణమును మూయించుట మంచిపనియే; మూయించిన మరునాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు కబురు పంపుట కూడ అందులో భాగమని తలంపవలెను.

ఇంతమంది రోగులతో మాటలాడుటకు వైద్యులెక్కడ నున్నారను ప్రశ్న మిగులును. కేంద్ర ప్రభుత్వము అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థచేత జరిపించి 2019లో ప్రకటించిన సర్వే ప్రకారము మన దేశమున 5.7 కోట్లకు పైగా జనులు హానికరమైన త్రాగుడుతోనో, దానికి బానిసలయ్యో బాధపడుచున్నారు. పూర్తిగా బానిసలైనవారిలో 38 మందికి ఒక్కడు మాత్రమే ఏదో ఒక చికిత్స పొందినట్లు ఆ సర్వే తెలుపుచున్నది. ఇందరికి మనోవ్యాధి నిపుణులు చాలరు.

దీనికి గోవాలో ఒక సమాధానము దొరకినది. అచట పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో జరిపిన పరిశోధన 2017లో ప్రకటింపబడినది. ఆడిట్ పట్టికలో 12 మొదలు 19 వరకు మార్కులు వచ్చిన 377 మంది పురుషులను తీసికొనిరి. సగముమందికి మామూలు వైద్యమును, తక్కిన సగముమందికి దానితోపాటు నాలుగు విడతలకు మించని కౌన్సెలింగును ఇచ్చిరి. కౌన్సెలింగు చేసినవారు వైద్యులు కారు, నర్సులు కారు. శిక్షణ పొందిన మామూలు మనుష్యులు. మూడు నెలలకు విచారింపగా, కౌన్సెలింగు పొందినవారిలో 100కు 42 మంది అంతకుముందటి రెండు వారములలో చుక్కయైన ముట్టలేదు. పొందనివారిలో 100కు 18 మంది మాత్రమే అట్లుండిరి. ఏడాది పిదప కూడ ఆ మేలు నిలిచియుండుట విశేషము. ఎడింబరో, సియాటిలు మాట యెట్లున్నను, మనవంటి గ్రామీణులు మనవంటి ఆరోగ్య కేంద్రములలో మనవంటివారితో మాటలాడి సాధించిన ఫలితమిది. మాకు దీనియందు ఎక్కువ నమ్మకము కలుగుటకు కారణమదే.

పంచాయతీకి ఇందు అధికారము లేదనుకొనరాదు. రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములతో కూడిన ఆరోగ్యము ఒకటి. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ సంఘములో సభ్యులే కూర్చుందురు. ముప్పది యేండ్లు నిండినవారికొరకు ఆశా కార్యకర్త నింపు పరిశీలన పత్రములో దినమును మద్యము పుచ్చుకొందురా అను ప్రశ్న ఇప్పటికే యున్నది. ఆ ప్రశ్నకు ‘అవును’ అని చెప్పినవారిని గూర్చి తరువాత ఏమి జరుగుచున్నదని సంఘపు సమావేశములో అడుగవచ్చును. సామాజిక ఆరోగ్య కేంద్రములో గాయపడి చేరినవారిని మద్యము సంగతి అడుగుచున్నారా, అడుగుటకు ఒక్క నర్సునకైనను శిక్షణ ఇప్పించిరా అని వైద్యాధికారిని మర్యాదగా ప్రశ్నింపవచ్చును. ఊరిలో ఓపికతో వినగల మనుష్యులు ఒకరిద్దరు ఉండకపోరు. తాను ఒకప్పుడు త్రాగి మానినవాడైనచో మరింత మంచిది. శిక్షణకు అట్టివారి పేర్లు సూచింపవచ్చును. గట్టిగా మాటలాడు పెద్దమనుష్యులు ఈ పనికి పనికిరారు. ఈ మాట కొందరికి రుచింపకపోవచ్చును.

నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు 1992లో సారా దుకాణమును మూయించిన సంగతి ఎల్లరకు తెలిసినదే. ఆ ఉద్యమమువలన 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధము, 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో ఆ నిషేధము సడలినది. దుకాణముమీద పోరు నడచిన ఆ కాలమున త్రాగువానితో ఒంటరిగా కూర్చుండి మాటలాడు ఏర్పాటు మన ఊళ్లలో లేకుండెను. దుకాణము దూరమగుటవలన మేలున్నదని పైని సంభాషణలోని కూలీయే చెప్పినాడు. ఆ రెండవ పని ఇప్పుడైనను జోడింపదగినది.

ఆసుపత్రినుండి వచ్చిన పిదప ఊరివారు ప్రవర్తించు తీరు మీద చాల ఆధారపడి యున్నది. “మానినావట గదా, ఎన్నాళ్లో చూతము” అను ఎత్తిపొడుపు ఒక్కటి చాలును, ఆతడు మరల దుకాణము చేరుటకు. రెండు నెలలు మాని, ఒక పెండ్లిలో త్రాగినాడనుకొందము. పని చెడినదని వదలివేయక, ఆ రెండు నెలలు ఎట్లుండగలిగినావని ఆ నర్సు అడిగిన ప్రశ్ననే అడుగవలెను. దగ్గర ఎవరును లేనప్పుడు 14446 అను మత్తు విముక్తి సహాయకేంద్రమునకు, 14416 అను టెలీ మానస్ సంఖ్యకు ఫోను చేయవచ్చును. వీనికి రుసుము లేదు. టెలీ మానస్ వారు తెలుగుననే మాటలాడుదురు. విరిగిన కాలు చూపించుకొనుటకు కొన్ని వారములకు ఆతడు ఎట్లును ఆసుపత్రికి మరల పోవలసియే యుండును. వెంట పోవువాడు ఆ దినముననే వార్డులోని ఆ నర్సును కలిసికొని, చేతి కాగితమును చూపించి, ఐదు నిమిషములు మాటలాడించి తీసికొనివచ్చినచో వేరుగా బస్సు ఖర్చు కూడ ఉండదు.